విదేశీ కారు: అమ్మకంతో తీరని బాధ్యత

విదేశీ కంపెనీ కారు కొనడం ఈ దేశంలో నేడు కష్టమైన పని కాదు. చేతిలో సొమ్ము గానీ, బ్యాంకు రుణం గానీ ఉంటే చాలు. కష్టమంతా ఆ తర్వాతే ఆరంభమవుతోంది. కారు చెడిపోతే అధీకృత డీలరు వద్దనే బాగుచేయించాలని కంపెనీ షరతు విధిస్తుంది. ఆ డీలరు ఎంత దూరాన ఉన్నాడు, అతని వద్ద కావలసిన విడిభాగం ఉందా, రేపు కంపెనీయే దేశం విడిచి వెళితే గతి ఏమిటి అన్న ప్రశ్నలకు మాత్రం కచ్చితమైన జవాబు లభించదు. మరమ్మతుపై గుత్తాధిపత్యం కోరే కంపెనీలు మరమ్మతు బాధ్యతను కూడా పూర్తిగా స్వీకరించాలి. అది సాధ్యం కాదంటే ఆ గుత్తాధిపత్యాన్ని వదులుకోవాలి. ఈ రెండూ చేయని కంపెనీలను ఉపేక్షించడం వినియోగదారులకు అన్యాయం చేయడమే.

ఈ సమస్య తీవ్రత మహానగరాల్లో అంతగా కనిపించదు. ఖరగ్‌పూర్ వంటి ఊళ్లలోనే అది బయటపడుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగువారు అక్కడే తరతరాలుగా స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలు మార్గంలో దాదాపు 115 కిలోమీటర్లు. ఖరీదైన దిగుమతి కార్ల కంపెనీల అధికారిక సర్వీసు కేంద్రాలు సాధారణంగా కోల్‌కతా వంటి మహానగరాలకే పరిమితమవుతున్నాయి. సుభాష్‌పల్లి వాసి ఒకరు కొత్తదో, పాతదో అలాంటి కారు కొన్నారనుకుంటే, చిన్న లోపం తలెత్తినా దానిని వంద కిలోమీటర్లకు పైగా నడుపుకొని వెళ్లాలి. కదలలేని స్థితిలో ఉంటే మరో వాహనంపై ఎక్కించి తీసుకువెళ్లాలి. విడిభాగం విదేశం నుంచి రావలసి ఉందంటే ఉత్త చేతులతో తిరిగి రావాలి. అది వచ్చిందన్న కబురు అందాక మళ్లీ బయలుదేరాలి. సెలవులు, రవాణా ఖర్చులు, వృథా అయిన రోజులు ఏ బిల్లులోనూ చేరవు. విశాఖపట్నానికో, హైదరాబాద్‌కో పరుగెత్తవలసి వచ్చే శ్రీకాకుళం, పార్వతీపురం వాసుల పరిస్థితి కూడా ఇందుకు భిన్నంగా ఉండదు.

నైపుణ్యం ఉంది, విడిభాగం లేదు

ఊళ్లో పనివారు లేకపోవడం వల్లనే ఈ అవస్థ అనుకుంటే పొరపాటు. ఖరగ్‌పూర్ వందేళ్లకు పైబడిన రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు. ఇనుముతో, ఇంజన్లతో పని అక్కడి కుటుంబాలకు కొత్త కాదు. అదే రాష్ట్రంలోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు కూడా మూలంలో బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాయే. అయినా దానిని బాగుచేయలేని షెడ్డు దేశంలో అరుదు. విడిభాగాలు బజారులో దొరికేవి. వాటిని అమర్చే పద్ధతి గురువు నుంచి శిష్యుడికి అందేది. నేటి కారులో లోపం ఎక్కడుందో తెలుసుకోవాలంటే కంప్యూటర్ పరికరం కావాలి. ఆ పరికరం, సాఫ్ట్‌వేర్, మరమ్మతు పుస్తకాలు, అసలైన విడిభాగాలు కంపెనీ గుప్పిట్లో ఉన్నాయి. మెకానిక్‌కు లేనిది చేతి పనితనం కాదు, వీటిని కొనుక్కునే అవకాశం.

ఇందుకు రైల్వేల అనుభవమే చక్కని ఉదాహరణ. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీతో 1962లో కుదిరిన ఒప్పందం మేరకు వారణాసి కర్మాగారం 1964 నుంచి డీజిల్ ఇంజన్లను ఉత్పత్తి చేసింది. ఆల్కో 1969లోనే ఇంజన్ల తయారీని నిలిపివేసింది. కాగా ఆ నమూనా ఇంజన్లు మన పట్టాలపై ఆ తర్వాత అనేక దశాబ్దాల పాటు నడిచాయి. నక్షలు, సాంకేతిక పరిజ్ఞానం, విడిభాగాల తయారీ మన చేతికి రావడం వల్ల ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్డు వంటి చోట్ల మన కార్మికులే వాటిని కాపాడుకోగలిగారు. యంత్రాన్ని తయారు చేసిన సంస్థ కనుమరుగైనా యంత్రం నిలిచింది. రైల్వే వంటి పెద్ద కొనుగోలుదారు బేరమాడి సాధించుకున్న ఈ రక్షణను ఒంటరి కారు యజమాని సాధించుకోలేడు. అతని పక్షాన బేరమాడవలసింది చట్టమే.

పోటీ కమిషన్ ఏం చెప్పింది?

ఈ విషయమై చట్టం పూర్తిగా మౌనం వహించలేదన్నది గమనార్హం. 2011లో అందిన ఫిర్యాదుపై విచారణ జరిపిన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి విదేశీ కంపెనీలే కాక టాటా, మారుతి, మహీంద్రా కూడా ఈ జాబితాలో ఉన్నాయి. విడిభాగాలు, లోపాలను కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా ఈ కంపెనీలు అడ్డుకున్నాయని, ఫలితంగా వినియోగదారులు అధీకృత డీలర్ల వద్దకే వెళ్లక తప్పడం లేదని కమిషన్ నిర్ధారించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు చెల్లదని, ఆ మరమ్మతు లోపం వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చునని స్పష్టం చేసింది.

కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్ విషయంలో కమిషన్ నిర్ధారణలను సమర్థించి, జరిమానాను మాత్రం తగ్గించింది. జరిమానా ఎంత అన్న వివాదం ఎలా ఉన్నా, కమిషన్ ఎత్తిచూపిన లోపం మాత్రం వాస్తవం.

కంపెనీల వాదనలో సత్యం లేకపోలేదు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులను నియంత్రించే ఎలక్ట్రానిక్ వ్యవస్థలను శిక్షణ లేనివారు ముట్టుకుంటే ప్రాణాపాయం. నకిలీ విడిభాగాల బెడద కూడా ఉంది. అయితే అసలు విడిభాగం అమ్మకుండా దాచినప్పుడే నకిలీకి గిరాకీ పెరుగుతుంది. శిక్షణ లేదన్నది భయమైతే రుసుము తీసుకుని శిక్షణ ఇవ్వవచ్చు. అమ్మకాలు స్వల్పంగా ఉన్న ఊళ్లలో సర్వీసు కేంద్రం గిట్టుబాటు కాదన్న మాట కూడా నిజమే. గిట్టుబాటు కాని చోట ఆ పనిని ఇతరులు చేసుకోనివ్వడానికి అభ్యంతరమేమిటన్నదే ప్రశ్న.

కంపెనీయే వెళ్లిపోతే?

ఉన్న కంపెనీలతోనే ఇన్ని చిక్కులుండగా, వెళ్లిపోయే కంపెనీలు మరో సమస్య తెచ్చిపెడుతున్నాయి. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగిన తర్వాత ప్యూజో, దైవూ వంటి కంపెనీలు అట్టహాసంగా ప్రవేశించి, కొద్ది సంవత్సరాలకే రంగం నుంచి తప్పుకున్నాయి. జనరల్ మోటార్స్ 2017 చివరికి దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా దేశంలో కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని ఈ రెండు కంపెనీలూ హామీ ఇచ్చిన మాట వాస్తవమే. కానీ కొత్త కార్లు అమ్మని డీలరు సర్వీసు ఆదాయంతోనే దుకాణం నడపవలసి ఉంటుంది. అలాంటప్పుడు ముందుగా మూతపడేవి చిన్న పట్టణాల్లోని కేంద్రాలే.

వాడిన కార్ల దిగుమతి నిబంధనల్లో ఈ ముందుచూపు కొంత కనిపిస్తుంది. దిగుమతి అయిన నాటి నుంచి అయిదేళ్ల పాటు ఆ వాహనం రోడ్డుపై నడిచేందుకు యోగ్యంగా ఉండాలని, అంతకాలం దేశంలో సర్వీసు సదుపాయం కల్పిస్తామన్న హామీ ఉండాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. వాడిన కారు తెచ్చే వ్యక్తికి ఉన్నపాటి బాధ్యత, వేలాది కార్లు అమ్మి వైదొలగే కంపెనీకి ఎందుకుండరాదు?

డీలరుకు, కంపెనీకి మధ్య వినియోగదారుడు నలిగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇరువురి మధ్య సంబంధం స్వతంత్ర వ్యాపారుల మధ్య సంబంధమైనప్పుడు, డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలుసునని రుజువు కానిదే కంపెనీపై బాధ్యత మోపలేమని 2021 ఫిబ్రవరిలో ఒక కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. సర్వీసు విషయంలో ‘మా డీలరే దిక్కు’ అనే కంపెనీ, ఫిర్యాదు వచ్చేసరికి ‘డీలరు వేరు, మేము వేరు’ అనగలగడం వింతగానే ఉంది.

చేయవలసినది

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీని నియమించింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహన రంగం ఒకటి. అదే ఏడాది డిసెంబరు 24న ఇందుకోసం ఒక పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. ఇది మంచి ఆరంభమే అయినా, కంపెనీలు తమంతట తాము సమాచారం ఇస్తాయని ఎదురుచూడడం చాలదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాల మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు కూడా అందించాలని చట్టం చేసింది. ఐరోపా దేశాల్లోనూ ఇటువంటి నిబంధనలు అమలులో ఉన్నాయి. అక్కడ ఈ నిబంధనలకు లోబడిన కంపెనీలు ఇక్కడ లోబడలేమనడానికి కారణం లేదు.

చట్టం చేయవలసినవి మూడు. చివరి కారు అమ్మిన నాటి నుంచి నిర్ణీత కాలం విడిభాగాలు సరఫరా చేసే బాధ్యతను, కంపెనీ దేశంలో ఉన్నా లేకపోయినా, కట్టుదిట్టం చేయాలి. అసలు విడిభాగాలు, పరికరాలు, మరమ్మతు పుస్తకాలు న్యాయమైన ధరకు ఎవరికైనా లభించాలి. వారంటీపై పోటీ కమిషన్ చెప్పిన సూత్రాన్ని ప్రతి వారంటీ పత్రంలో కొనుగోలుదారుడి భాషలో ముద్రించాలి.

అందాకా వినియోగదారులు తమకున్న హక్కులనైనా వాడుకోవాలి. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, డీలరు ఎక్కడున్నా, తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్ దానిని విచారిస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. కారు కొనేముందు ధర, మైలేజీతో పాటు సమీప సర్వీసు కేంద్రం దూరాన్ని కూడా లెక్కవేసుకోవడం వివేకం. అయితే వినియోగదారుడి జాగ్రత్తకు పరిమితి ఉంది. కంపెనీ రేపు ఉంటుందో లేదో అతను ముందుగా ఊహించలేడు. ఆ భారాన్ని అమ్మిన వారిపైనే ఉంచడం ప్రభుత్వ విధి.