మట్టిని మందు చేయకండి

"పిల్లల్ని మట్టిలో ఆడనివ్వకపోతే బ్లడ్ కేన్సర్ వస్తుందట." ఈ మధ్య మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఫార్వర్డ్ సారాంశం ఇది. కింద పెద్దవాళ్ళంతా వరసగా బొటనవేళ్ళు పెట్టారు. "మా కాలంలో ఈ సబ్బులు, శానిటైజర్లు ఏటున్నాయి? అందుకే గుంటలు రాయిలాగ ఉండీవోరు" అని ఒక మామ్మ వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. మాది నౌపడ, ఉప్పు మడుల ఊరు. బురద, ఉప్పుగాలి మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఇలాంటి మాట వింటే లోపల కాస్త గర్వంగానే ఉంటుంది. కానీ అందులో ఉన్నది సగం నిజం. ఆ సగంతోనే నాకు పేచీ.

ముందు నిజమున్న సగం చూద్దాం. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కేన్సర్ రీసెర్చ్‌లో మెల్ గ్రీవ్స్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా పిల్లల ల్యుకీమియా మీద పనిచేశారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా ఎలా పుడుతుందో 2018లో ఒక పెద్ద సమీక్షా వ్యాసంలో వివరించారు. మన భాషలో చెప్పాలంటే అదొక అండ్ గేట్. మొదటి ఇన్‌పుట్ తల్లి కడుపులో ఉండగానే పడుతుంది. ఎక్కువ కేసుల్లో కనిపించే ఒక రకంలో ఈటీవీ6, రన్ఎక్స్1 అనే రెండు జన్యువులు పొరపాటున అతుక్కుంటాయి (ఈటీవీ6 అంటే టీవీ ఛానెల్ కాదు, కంగారు పడకండి). ఇలాంటి కణాలతో నూటికి సుమారు ఒక బిడ్డ పుడుతుంది. వాళ్ళలో జబ్బు దాకా వెళ్ళేది మళ్ళీ నూటికి ఒకరే. రెండో ఇన్‌పుట్ కూడా పడాలి కదా మరి. మొదటి ఏడాదిలో చిన్నాచితకా సూక్ష్మజీవులతో పరిచయం కాని రోగనిరోధక వ్యవస్థ, ఆ తర్వాత ఏదో మామూలు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అతిగా రెచ్చిపోతుంది. ఆ గొడవలో పాత కణాలకి రెండో దెబ్బ తగులుతుందని గ్రీవ్స్ వాదన. ఈ జబ్బు రెండు నుంచి ఐదేళ్ళ మధ్య ఎక్కువగా బయటపడటం దీనికి సరిపోతుంది.

ఆధారాలూ ఉన్నాయి. 14 అధ్యయనాలని కలిపి 2010లో లెక్కేస్తే, చిన్నప్పుడే డే కేర్‌కి వెళ్ళిన పిల్లల్లో ముప్పు సుమారు 24 శాతం తక్కువ కనిపించింది. ఆరు నెలలు, ఆపైన తల్లిపాలు తాగిన పిల్లల్లో 19 శాతం తక్కువని 2015లో మరో సమీక్ష చెప్పింది. 24 శాతం అనగానే కళ్ళు పెద్దవి చేసుకోకండి. బ్రిటన్‌లో ఈ జబ్బు సుమారు రెండు వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. అంటే పదివేల మందిలో ఐదుగురు. 24 శాతం తగ్గితే నలుగురు. శాస్త్రానికి ఇది పెద్ద ఆధారం. ఒక ఇంట్లో ఒక బిడ్డ సంగతి తేల్చడానికి మాత్రం పనికిరాదు.

ఫార్వర్డ్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. మా వీధిలో ఒక అక్క కొడుక్కి ల్యుకీమియా అని తేలినప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు "నువ్వు మరీ సుబ్బరంగా పెంచీసేవే" అని ఆవిడ మొహమ్మీదే అన్నారు. ఆ పిల్లడు రోజంతా మడి గట్ల మీదే ఉండేవాడు! మొదటి పొరపాటు కడుపులోనే, యాదృచ్ఛికంగా జరిగిపోయింది. అందులో తల్లి చేసిందీ లేదు, చేయగలిగిందీ లేదు. జబ్బుతో ఉన్న బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న మనిషికి ఈ నింద కూడా మోయడం ఎందుకు?

ఇంకో సంగతి. ఆ ఫార్వర్డ్ చివర "టీకాలు కూడా తగ్గించండి" అని ఉంది. గ్రీవ్స్ సిద్ధాంతం చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. టీకా అంటేనే రోగనిరోధక వ్యవస్థకి జబ్బు లేకుండా ఇచ్చే ట్రైనింగ్. మట్టిలో మేలు చేసే సూక్ష్మజీవులుంటే నులిపురుగులూ ఉంటాయి, ధనుర్వాతం క్రిమీ ఉంటుంది. "మా ఊళ్ళో ఇలాంటి జబ్బుల్లేవు" అనే ధీమా కూడా నమ్మదగ్గది కాదు. పాలిపోవడం, వదలని జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి. వీటిని రక్తం తక్కువని టానిక్కులతో సరిపెడితే, పేరు పెట్టకుండానే బిడ్డ పోతుంది. పేద దేశాల్లో కేసులు తక్కువగా నమోదవడానికి ఇదీ ఒక కారణం.

ఈ జబ్బుకి మందు కథలో మనవాడు ఒకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకి ఇచ్చారు. 16 మందిలో 10 మంది కొంతకాలం కోలుకున్నారని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఈ చికిత్సలో వాడతారు. ధనిక దేశాల్లో ఇవాళ పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర మాత్రం రెండు మూడేళ్ళ చికిత్సని దూరానికీ ఖర్చుకీ భయపడి మధ్యలో వదిలేసేవాళ్ళున్నారు. మా వాళ్ళు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలంటే ప్రతిసారీ రైలెక్కాలి, కూలి పోగొట్టుకోవాలి. ఫార్వర్డ్‌లు చేసే ఓపిక ఉన్నవాళ్ళు ఈ విషయం రాయొచ్చుగా.

ఇక మా ఊరికి దగ్గరి సంగతి. బ్రిటన్‌లో అణు కేంద్రాల చుట్టుపక్కల పిల్లల్లో ల్యుకీమియా ఎక్కువైతే అందరూ రేడియేషన్‌నే అనుమానించారు. 1988లో లియో కిన్లెన్ అనే పరిశోధకుడు, అణు కేంద్రమే లేని గ్లెన్‌రోథెస్ అనే కొత్త స్కాట్లండ్ పట్టణంలోనూ పెరుగుదల చూపించాడు. మారుమూల పల్లెలోకి ఒక్కసారిగా బయటి జనం వస్తే, స్థానికులకి అలవాటులేని ఇన్‌ఫెక్షన్లు వ్యాపించడమే కారణం కావచ్చన్నాడు. ఇప్పుడు మా సంతబొమ్మాళి మండలం చూడండి. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగింది, బయటి కూలీలు వస్తున్నారు. ఇదే జిల్లాలో కొవ్వాడకి అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. పోర్టు వస్తే పిల్లలకి కేన్సర్ వస్తుందని నేను అనడం లేదు, దయచేసి ఇంకో ఫార్వర్డ్ చేయకండి. కానీ పక్కనే ఉద్దానం ఉంది. కిడ్నీ జబ్బుకి కారణం ఏమిటో ఇన్నేళ్ళయినా తేలలేదు.

బ్రిటన్ రేటే ఇక్కడా అనుకుంటే, పదివేల మంది పిల్లలున్న చోట పదిహేనేళ్ళలో ఐదు కేసులు, అంటే మూడేళ్ళకి ఒకటి. ఒకే ఏడాది రెండొస్తే అది కాకతాళీయమా, పోర్టు వల్లా అని చెప్పాలంటే ముందటి ఏళ్ళ లెక్క చేతిలో ఉండాలి. ఆ లెక్క మండలం వారీగా, పీహెచ్‌సీ రిజిస్టర్ నుంచి, మొదటి ఓడ రాకముందే మొదలవ్వాలి.