చుక్క ఒకటే, కొలతలు రెండు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖల కార్యదర్శులకు,

పొలం కాగితంలో 2.20 అని ఉంటే తెలంగాణ రైతు రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాడు. అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర రైతుకు అది రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి గుంటలైతే 40, సెంట్లైతే 100 మరి. ఈ సంగతి చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ రెంటినీ దశాంశాలుగానే కూడుతుంది. 1.30కి 1.20 కలిపి 2.50 అంటుంది. గుంటల్లో రావాల్సింది 3.10. ఆ 2.50ని రెండున్నర ఎకరాలనుకుంటే ముప్పై గుంటల నేల లెక్కలోంచే పోయినట్టు! భూమే బతుకైన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఎకరాలకు, గుంటలకు వేర్వేరు గడులు పెట్టించండి. అంకె పక్కన కొలత పేరు తప్పక కనిపించాలి.

డబ్బు సంగతి ఇంకా తేలిక. లక్షన్నరను 150,000 అని కాక 1,50,000 అని చూపే పద్ధతి యూనికోడ్ వారి భాషా పద్ధతుల భాండారం సీఎల్‌డీఆర్‌లో తెలుగుకు ఇప్పటికే ఉంది. దాన్ని వాడుకుంటే చాలు.

సాఫ్ట్‌వేర్ టెండర్లలోనే ఈ షరతులు రాయండి. అప్పగించే ముందు పల్లెల్లో పాసుపుస్తకాలు చదవగలిగిన రైతులచేత సరిచూయించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు