సంతలో గుర్రం కొనేముందు థర్మామీటరు పెట్టండి

కార్తిక పౌర్ణమి వచ్చిందంటే బిహార్‌లోని సోన్‌పుర్, రాజస్థాన్‌లోని పుష్కర్ సంతల్లో గుర్రాలు చేతులు మారతాయి. కొనేవాళ్లు పళ్లు చూసి వయసు లెక్కగడతారు. నడక చూస్తారు, సుడులు చూస్తారు. జ్వరం ఉందేమో చూసేవాళ్లు మాత్రం అరుదు.

చూడాల్సిన కారణం స్ట్రాంగిల్స్ అనే అంటువ్యాధి. స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు ఎక్కువగా అయిదేళ్ల లోపు గుర్రాలకు సోకుతుంది. ముందు జ్వరం వస్తుంది. తర్వాత ముక్కు నుంచి చీము కారుతుంది, దవడ కింద, గొంతు వెనక ఉన్న లింఫు గ్రంథుల్లో గడ్డలు లేస్తాయి. అవి పెరిగి శ్వాసమార్గాన్ని నొక్కితే ఊపిరాడదు. గొంతు నులమడం అనే అర్థంలోనే దీనికి ఇంగ్లిషులో ఆ పేరు వచ్చింది.

సరైన సంరక్షణ ఉంటే చాలా గుర్రాలు కోలుకుంటాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. గుర్రాల్లో చెవినీ గొంతునూ కలిపే గొట్టం రెండు వైపులా సంచిలా విచ్చుకుని ఉంటుంది. గొంతు వెనక గడ్డ ఆ సంచిలోకి పగిలితే చీము అక్కడే గట్టిపడి, బ్యాక్టీరియా నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే అలాంటి గుర్రం తాగిన తొట్టిలోనే తాగిన పిల్లకు జబ్బు అంటుకోవచ్చు.

అయితే ఈ వ్యాధి మనకు కొంత వ్యవధి ఇస్తుంది. సాధారణంగా జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల తర్వాతే బ్యాక్టీరియా బయటికి రావడం మొదలవుతుంది. పెద్ద గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. రోజూ కొలిచి, పెరిగిన రోజే వేరుచేస్తే మిగతావాటిని కాపాడుకోవచ్చు. కొత్తగా కొన్నదాన్ని కనీసం మూడు వారాలు విడిగా ఉంచి, దాని బకెట్టు, తాళ్లు వేరే పెట్టాలి. జబ్బుపడి తేరుకున్నదైతే ఆ సంచిని పశువైద్యుడి చేత పరీక్ష చేయించాకే మందలో కలపాలి.

ఇటుక బట్టీలో బండి నడిపే యజమానికి మూడు వారాలంటే మూడు వారాల కూలి. కాబట్టి భారమంతా అతని మీదే మోపడం న్యాయం కాదు. గ్లాండర్స్ వ్యాధి నియంత్రణకు దేశంలో కార్యాచరణ ప్రణాళిక ఉంది. స్ట్రాంగిల్స్‌కూ అంతటి శ్రద్ధ కావాలి. సంత ద్వారం దగ్గరే జ్వరం చూడటం, ఉమ్మడి నీటి తొట్లు తీసేయడం పెద్ద ఖర్చేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మిగిలిన గుర్రాలు, పోనీలు సుమారు 3.4 లక్షలే. వాటిలో చాలావాటి వెనక ఒక పేద కుటుంబం పొయ్యి వెలుగుతోంది.