తేలని ఫలితం – తల్లి మనసు

కడుపులోని బిడ్డకు పరీక్ష చేయిస్తే రెండే జవాబులు వస్తాయని మనలో చాలామంది అనుకుంటాం. అంతా బాగుందన్నది ఒకటి, ఫలానా లోపం ఉందన్నది మరొకటి. కాని ఇప్పుడు మూడో జవాబు కూడా వస్తోంది. జన్యువుల్లో ఒక తేడా కనిపించింది గాని, దానివల్ల బిడ్డకు ఏమవుతుందో చెప్పలేమన్నది ఆ జవాబు. ఐదో నెలలో ఆ మాట విని ఇల్లు చేరిన స్త్రీతో ఏం మాట్లాడాలో ఇంట్లోవారికీ తెలియదు, సంఘానికీ తెలియదు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో ముందు తెలుసుకుందాం. మన కణాల్లో సాధారణంగా 46 క్రోమోజోములుంటాయి. పాత పద్ధతిలో వాటిని సూక్ష్మదర్శినితో చూసి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా కనిపెట్టేవారు. ఉమ్మనీరు తీసి చేసే మైక్రోఅరే పరీక్ష అయితే అంతకంటే ఎంతో చిన్న ముక్క లోపించినా పట్టుకుంటుంది. అమెరికాలో 4,400 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన 2012లో వెలువడింది. స్కానింగులో లోపం కనబడినా పాత పరీక్షలో ఏమీ తేలని గర్భాల్లో 6 శాతం మందికి ఈ పరీక్ష ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. ఇది చిన్న మేలు కాదు. అయితే, చిన్న తేడాలు బయటపడేకొద్దీ అర్థం తెలియనివి కూడా బయటపడతాయి. ఉదాహరణకు 16వ క్రోమోజోములో ఒక ముక్క లోపించిన పిల్లల్లో కొందరికి మాటలు ఆలస్యమవుతాయి, కొందరికి ఆటిజం ఉంటుంది, మరికొందరిలో చెప్పుకోదగ్గ ఇబ్బందే ఉండదు.

ఇలాంటి ఫలితాలు అందుకున్న 23 మంది అమెరికా స్త్రీలతో పరిశోధకులు వివరంగా మాట్లాడారు. ఆ అధ్యయనం 2013లో 'జెనెటిక్స్ ఇన్ మెడిసిన్' పత్రికలో వచ్చింది. వారిలో చాలామంది, ఇంత మంచి అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలని పరీక్షకు ఒప్పుకున్నవారే. తేలని ఫలితం రావచ్చన్న ఆలోచన లేకపోవడంతో అది వచ్చేసరికి నిర్ఘాంతపోయారు. ఆ తేడా వల్ల ప్రమాదం ఎంతో ఎవరూ లెక్కకట్టి చెప్పలేకపోవడం వారిని మరింత బాధించింది. ఇది అసలు తెలియకుండా ఉంటే బాగుండేదని కొందరన్నారు. బిడ్డ పుట్టాక కూడా ఆ భయం కొందరిని వదలలేదు. అర్థం చేసుకుని సాయపడే మనుషులు తమకు అవసరమయ్యారని వారు చెప్పారు.

మన దేశపు స్త్రీలకు ఇంకో చిక్కు ఉంది. ఒక తేడా హానికరమో కాదో తేల్చాలంటే వేలాదిమంది జన్యువులతో పోల్చి చూడాలి. ప్రపంచంలో ఉన్న అలాంటి సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారిదే. హైదరాబాదులోని సీసీఎంబీ కూడా పాల్గొన్న 'జీనోమ్ ఇండియా' పథకం సుమారు 10,000 మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. అలాంటి సమాచారం పెరిగేకొద్దీ 'తెలియదు' అన్న జవాబులు తగ్గవచ్చు.

కాని కడుపుతో ఉన్న తల్లికి అంత వ్యవధి లేదు. 2021లో సవరించిన చట్టం కొన్ని వర్గాల స్త్రీలకు గర్భస్రావానికి 24 వారాల గడువు పెట్టింది. లోపం కారణంగా ఆ తర్వాత కావాలంటే, అది తీవ్రమైనదని మెడికల్ బోర్డు నిర్ధారించాలి. ఉమ్మనీటి పరీక్షే 15 వారాలు దాటాక జరుగుతుంది. కనుక మిగిలిన కొద్ది రోజుల్లో, ఏమీ తేలని కాగితం చేతబట్టుకుని ఆమె ఆలోచించాలి. ప్రాణం దేవుని వరమని నమ్మే మనం ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. 'తెలియదు' అంటే 'రోగం ఉంది' అని కాదు. తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్న వారిలో ఒకరికి అదే తేడా ఉందేమో చూస్తే కొంత ఊరట దొరకవచ్చు. జన్యు వైద్యుల సలహా తీసుకోకుండా తొందరపడవద్దు.

లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం అందరికీ తెలుసు. ఇలాంటి పరీక్షలకు ముందు దుష్ఫలితాలు వివరించి, స్త్రీకి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. కనుక సంతకం పెట్టేముందు 'ఏమీ తేలకపోతే ఏం చేస్తారు?' అని అడగడం అవిశ్వాసం కాదు. మరియ కూడా దేవదూతను ఇదెలా జరుగుతుందని అడిగింది కదా!

ఇక సంఘం మాటేమిటి? పుట్టు గుడ్డివాణ్ని చూడగానే శిష్యులకు వచ్చిన మొదటి సందేహం, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అన్నదే. ప్రభువు ఆ రెండింటినీ తోసిపుచ్చాడు. అయినా మనలో కొందరు ఈనాటికీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. మరికొందరు 'ఏమీ కాదమ్మా, విశ్వాసముంచు' అని ఒక్క మాటతో ఆమె నోరు మూయిస్తారు. వైద్యుడే తెలియదన్నప్పుడు తెలిసినట్టు మాట్లాడే అధికారం మనకెవరిచ్చారు? రేపు బిడ్డకు ఇబ్బంది ఉందని తేలితే, తన విశ్వాసం చాలలేదేమోనని ఆ తల్లి జీవితమంతా కుమిలిపోదా?

వర్తమానం విన్న మరియ కొండసీమకు, ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. అక్కడ ఆమెకు దొరికింది విచారణ కాదు, ఆదరణ. దాదాపు మూడు నెలలు అక్కడే ఉంది. మన స్త్రీల సమాజం చేయగలిగిందీ అదే. ఆమె రహస్యాన్ని ప్రార్థన విన్నపం పేరుతో పదిమందికి చెప్పకుండా, ఆమెతో ఆస్పత్రికి ఒకరు తోడు వెళ్లాలి. ఆమె భయాన్ని తీర్పు చెప్పకుండా వినాలి. పుట్టే బిడ్డ ఎలా ఉన్నా మన సండే స్కూల్లో చోటుందని ఇప్పుడే మాటివ్వాలి. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా.