గోడౌన్ మన మాటేనా?

దోహాకు దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్‌లో ఎటు చూసినా గోడౌన్లే. మనాతెక్ సంస్థ అభివృద్ధి చేసిన లాజిస్టిక్స్ పార్కు అది. అలాంటి సరుకుల కొట్టును అరబ్బులు మఖ్‌జన్ అంటారు. మన ఖజానాకూ, ఇంగ్లిషువాళ్ల మ్యాగజైన్‌కూ ధాతువు అదే. అందులో పేచీ లేదు. పేచీ అంతా గోడౌన్‌తోనే. అది ఇంగ్లిషు కాదు, మన గిడ్డంగేనని కొందరి వాదన. ఎంతవరకు నిలుస్తుంది?

ముందు ఒక కట్టుకథను పక్కన పెడదాం. సరుకు కిందికి దించుతారు గనక ‘గో డౌన్’ అన్నది ఇంగ్లిషు చెవికి తోచిన పోలిక మాత్రమే. ఇంగ్లిషువాళ్ల కన్నా ముందే పోర్చుగీసువాళ్లు ‘గుదావ్’ అన్నారు. వాళ్లు 1511లో పట్టుకున్న మలక్కాలో, మలయ్ భాషలో, కొట్టు పేరు ‘గుదాంగ్’.

మరి మలయ్‌కు అదెక్కడిది? 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తెలుగు గిడ్డంగినీ తమిళ కిడంగునీ ప్రస్తావించింది. ఊహకు బలముంది. కోరమండల్ బట్టలు మలక్కా బజారుకు చేరేవి. మన తీరపు వర్తకులను అక్కడ కళింగ పేరు మీద కెలింగ్ అనేవారు. మలయ్‌లో దుకాణం ‘కెదయ్’, ఓడ ‘కపల్’. రెండూ తమిళ కడై, కప్పల్. అంగడీ ఓడా వెళ్లిన చోటికి కొట్టు మాత్రం వెళ్లదా?

ఎదుటి వాదనా తేలికైంది కాదు. గిడ్డంగి, కిడంగులలో మొదటి అక్షరం మీద గుడి ఉంది; గుదాంగ్‌లో కొమ్ము. ఆ మార్పుకు సులువైన జవాబు లేదు. పైగా తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండటం, సరుకు పడి ఉండే చోటు కిడంగు. మన వాడుకలో అలాంటి క్రియ లేదు కాబట్టి గిడ్డంగి కూడా తమిళం నుంచే వచ్చి ఉండొచ్చు. పోనీ, ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలో విని నేర్చుకున్నారందామా? వాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టింది 1611లో. అప్పటికే పోర్చుగీసు నోట ఆ మాట పాతబడింది.

రెండు వైపులా తూచితే, ద్రావిడ మూలమన్న మాటకే మొగ్గు. అందులో పెద్ద వాటా తమిళానిది. నేరుగా తెలుగు నుంచే వెళ్లిందనడానికి బలం తక్కువ. ఆ ఇకారం ఉకారంగా ఎలా మారిందో చూపే పాత శాసనమో, వర్తకుల లెక్కల చిట్టానో దొరికితే ఈ తూకం మారొచ్చు. అందాకా ‘మనదే’ అనే కన్నా ‘మనదీ కావచ్చు’ అనడమే న్యాయం.