సర్టిఫికెట్ కన్నా ముందు సాధన

మా మదరసాలో విద్యార్థుల కోసం ఎనిమిది కంప్యూటర్లున్న ఒక చిన్న గది ఉన్నది. గత ఏడాది ఒక ఉదయం వాటిలో ఐదింటికి ఇంటర్నెట్ రాలేదు. మిగిలిన మూడు చక్కగా పనిచేస్తున్నాయి. నెట్‌వర్కింగ్‌లో సర్టిఫికెట్ పొందిన ఒక యువకుణ్ణి పిలిపించాము. అతడు కేబుళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. చివరకు పరికరాలు పాతబడ్డాయనీ, కొత్తవి కొనవలసిందేననీ చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. పగలు మొబైల్ దుకాణంలో పనిచేస్తూ, అదే పరీక్షకు సిద్ధమవుతున్నవాడు. పనిచేసే కంప్యూటర్ ఐపీ అడ్రసును ఒకసారి, పనిచేయని దాని అడ్రసును ఒకసారి చూశాడు. మొదటిది 192.168.0 వరుసలోనిది, రెండవది 192.168.1 వరుసలోనిది.

“హజ్రత్, ఇక్కడ ఎవరో ఇంకొక రౌటర్ కలిపారు. అది కూడా అడ్రసులు పంచుతున్నది” అన్నాడు.

వెదికితే బల్ల క్రింద నిజంగానే ఒక పాత రౌటర్ ఉన్నది. దానికి బయటి ఇంటర్నెట్ లేదు. తనను అడిగిన కంప్యూటర్లకు అడ్రసులివ్వడం మాత్రం మానలేదు. దానిని తొలగించి కంప్యూటర్లను తిరిగి ఆన్ చేయగానే ఎనిమిదీ పనిచేశాయి. రూపాయి ఖర్చు కాలేదు.

మొదటి యువకుడు తరువాత నా వద్ద దాపరికం లేకుండా మాట్లాడాడు. ‘డంప్స్’ అనే ప్రశ్న-జవాబుల కట్టను కొని, నెలరోజులు బట్టీపట్టి ఉత్తీర్ణుడయ్యాడట. ఆ పిదప మూడు ఇంటర్వ్యూలలో రెండవ ప్రశ్న వద్దనే ఆగిపోయాడట. అతణ్ణి నిందించడం నా ఉద్దేశం కాదు. అమ్మీ గాజులు కుదువపెట్టి కట్టిన ఫీజుకు త్వరగా ఫలితం చూపాలన్న ఆత్రుత అతనిది. కాని రాని విద్యకు వచ్చినట్లు పత్రం చూపడం యజమానిని మోసగించడమే. పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దయ్యే ప్రమాదమూ ఉన్నది.

మన ఇళ్ళలో ఎందరో పిల్లలు ఈ మార్గంలో ఉన్నారు గనుక, రెండవ విద్యార్థి అనుసరించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆ పరీక్ష పేరు సీసీఎన్‌ఏ. సిస్కో సంస్థ నిర్వహిస్తుంది. పరీక్ష సంఖ్య 200-301. దీనికి ముందస్తు డిగ్రీ ఏదీ అవసరం లేదు. వ్యవధి 120 నిమిషాలు, రుసుము 300 డాలర్లు, పన్నులు అదనం. తప్పితే మళ్ళీ పూర్తి రుసుము చెల్లించాలి. ఒక ప్రశ్నను దాటిన తరువాత వెనుకకు వెళ్ళే వీలుండదు. కనుక తొందరపడి తేదీ తీసుకోవడం మధ్యతరగతి కుటుంబానికి భారమవుతుంది.

పాఠ్యాంశాలు ఆరు భాగాలు. నెట్‌వర్క్ మౌలికాంశాలకు 20 శాతం, స్విచ్చులు, వైఫైలకు సంబంధించిన నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20 శాతం, రౌటింగ్ ప్రధానమైన ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, ఐపీ సర్వీసులకు 10 శాతం, భద్రతకు 15 శాతం, ఆటోమేషన్‌కు 10 శాతం. మొదటి మూడు భాగాలే దాదాపు మూడింట రెండు వంతులు. పునాది బలంగా ఉన్నవాడికి మిగిలినవి సులభమవుతాయి.

మా విద్యార్థి మొదటి మాసమంతా మౌలికాంశాలకే కేటాయించాడు. స్విచ్ చేసే పనేమిటి, రౌటర్ చేసే పనేమిటి, ఒక సందేశం ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు ఏయే మెట్లు దాటి చేరుతుంది అన్నవి కాగితం మీద బొమ్మగా గీసేవాడు. పరీక్ష ఆంగ్లంలో ఉంటుంది గనుక, ప్రతి సాంకేతిక పదాన్ని నోటుబుక్కులో వ్రాసి, ఎదురుగా తన మాటల్లో తెలుగు అర్థం వ్రాసుకున్నాడు.

రెండవది సబ్‌నెట్టింగ్. ఎక్కువమంది భయపడేది దీనికే. ఉదాహరణకు 192.168.10.0/26 అంటే 64 అడ్రసుల సముదాయం. మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు పోగా పరికరాలకు మిగిలేవి 62. తరువాతి సముదాయం 64తో, ఆపైవి 128తో, 192తో మొదలవుతాయి. ఇదంతా రెండుతో గుణించడం, భాగించడమే. రోజూ ఫజ్ర్ తరువాత పది లెక్కలు చేసేవాడు. ఆరు వారాలకు కాగితం లేకుండానే చెప్పగలిగాడు.

మూడవది చేతి అభ్యాసం. ఖరీదైన పరికరాలు కొననక్కరలేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. మొదట ఒక స్విచ్, రెండు కంప్యూటర్లు; తరువాత వీలాన్‌లు; ఆపైన రౌటర్; పిదప మూడు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్. ప్రతి నిర్మాణం పూర్తయ్యాక తానే ఒక తప్పు కావాలని పెట్టి, మరునాడు పింగ్, షో ఆదేశాలతో దానిని కనిపెట్టేవాడు. మా గదిలో బల్ల క్రింది రౌటర్‌ను పట్టించినది ఈ అలవాటే.

చివరి మాసంలో మాత్రమే నమూనా పరీక్షలు వ్రాశాడు. తప్పిన ప్రతి ప్రశ్నకు జవాబును కాక, కారణాన్ని వ్రాసుకున్నాడు. దుకాణం పని విడువకుండానే రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది మాసాలు పట్టింది. మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణుడయ్యాడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. “పరీక్ష ఎప్పుడు?” అని ప్రతిరోజూ అడిగితే పిల్లవాడు దగ్గరి దారి వెదుకుతాడు. “ఈ రోజు ఏమి నేర్చుకున్నావు, నాకు అర్థమయ్యేలా చెప్పు” అని అడగండి. చెప్పగలిగితే అతనికి వచ్చినట్లే. చెప్పలేకపోతే మరికొంత వ్యవధి ఇవ్వండి.

ఈ సర్టిఫికెట్టు చెల్లుబాటు మూడేళ్ళే. మొదటి యువకుడికి ఆ గడువు సమీపిస్తున్నది. ఇప్పుడతడు సాయంత్రాలు మా కంప్యూటర్ గదికి వచ్చి, తనకన్నా చిన్నవాడైన ఆ విద్యార్థి ప్రక్కన కూర్చొని, మొదటి పాఠం నుండి చదువుతున్నాడు. నిన్న అతని నోటుబుక్కు చూశాను. పది లెక్కలలో ఏడు సరిగా ఉన్నాయి. మూడింటి ప్రక్కన ఎక్కడ పొరబడ్డాడో తన చేతితోనే వ్రాసుకున్నాడు.