విమానం చిన్న ఊరిని ఎందుకు వదిలేస్తుంది? ఆ సంగతి మనకెందుకు?



"బస్సే సరిగ్గా రాని ఊళ్లు మనవి, విమానం గొడవ మనకెందుకు?" అని మా హాస్టల్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చిన్న ఊరికి విమానం ఎలా పోతుందో చూస్తే, మన బస్సు, మన బడి ఎలా పోతున్నాయో కూడా తెలుస్తుంది. లెక్క ఒక్కటే కాబట్టి ఇది రాస్తున్నాం.

మన పక్కనే ఉన్న బస్తర్ చూడండి. 2018 జూన్‌లో ఉడాన్ పథకం కింద జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు, విశాఖపట్నానికి విమానం మొదలైంది. ప్రధానమంత్రే ప్రారంభించారు. 20 సీట్లు కూడా లేని చిన్న విమానం. కొన్నాళ్లకే ఆగిపోయింది. మళ్లీ 2020 సెప్టెంబరులో వచ్చింది, అదీ ప్రభుత్వ సంస్థ అలయన్స్ ఎయిర్ నడిపితే.

జగదల్‌పూర్ ఒక్కటే కాదు. ఉడాన్ మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్ల మీద కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి నిలబడినవి 54 మాత్రమే.

ఎందుకిలా? విమానం చిన్నదైనంత మాత్రాన ఖర్చు అంతగా తగ్గదు. పైలట్లు, ఇంజనీర్లు, ఫైరింజన్, సెక్యూరిటీ అన్నీ ఉండాల్సిందే. ఆ ఖర్చంతా కొద్ది సీట్ల మీదే పడుతుంది. టికెట్ పెంచితే జనం ఎక్కరు, పెంచకపోతే నష్టం. ఆ నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్లు భరిస్తుంది, తర్వాత మీ బతుకు మీరు బతకండి అంటుంది. పైగా చిన్న కంపెనీల దగ్గర ఉండేవే కొద్ది విమానాలు. ఒకటి రిపేరుకు పోతే రూటే ఆగిపోతుంది. 2017లో కడప-హైదరాబాద్ ఉడాన్ విమానం మొదలుపెట్టిన ట్రూజెట్, 2022లో మొత్తం సర్వీసులే ఆపేసింది.

అసలు దెబ్బ ఇంకోటి ఉంది. ఇవాళ వచ్చి రేపు రాని విమానానికి ఎవరు టికెట్ కొంటారు? జనం రోడ్డు దారి పడతారు. అప్పుడు "ఇక్కడ డిమాండ్ లేదు" అని రాసేస్తారు. మా ఊళ్లల్లో నైట్ హాల్ట్ బస్సు పోయింది కూడా అచ్చం ఇలాగే. ముందు వారంలో రెండు రోజులు రావడం మానేసింది. నమ్మకం పోయి జనం ఆటోలు ఎక్కారు. తర్వాత కలెక్షన్ లేదని పూర్తిగా తీసేశారు. తప్పు సర్వీసుది, పేరు మాత్రం మన మీదికి వచ్చింది.

అమెరికా సంగతి కూడా వినండి. 1978లో అక్కడ విమాన కంపెనీలకు రూట్లు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చారు. చిన్న ఊళ్లను వదిలేస్తారని ముందే ఊహించి, వాటికి కనీస సర్వీసు ఉండేలా చట్టంలోనే రాశారు. అలాస్కాలో రోడ్డే లేని ఆదివాసీ ఊళ్లకు కూడా ఆ పథకం కింద విమానాలు వెళ్తాయి. 2022లో స్కైవెస్ట్ అనే కంపెనీ పైలట్లు లేరని 29 ఊళ్ల నుంచి తప్పుకుంటామంది. వేరే కంపెనీ దొరికేదాకా కదలొద్దని ప్రభుత్వం ఆపింది. అక్కడా అన్నీ బాగున్నాయని కాదు. సబ్సిడీ పరిమితి దాటిందని కొన్ని ఊళ్లను జాబితాలోంచి తీసేశారు. కానీ చెప్పాపెట్టకుండా పోవడానికి లేదు.

మన దగ్గర లేనిది ఆ కట్టుబాటే. ఇనుప ఖనిజం కోసమైతే 1960లలోనే ఇన్ని కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు వేశారు. మనిషి ప్రయాణం దగ్గరికి వచ్చేసరికి "గిట్టుబాటు కాదు" అంటున్నారు.

కాబట్టి రిబ్బన్ కత్తిరించిన రోజు చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. విమానమైనా, బస్సైనా, అంబులెన్స్ అయినా మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎన్నేళ్లు నడుపుతారు? డబ్బు ఆగాక ఎవరు భరిస్తారు? ఆపాలంటే ఎన్ని రోజుల ముందు, ఎవరికి చెప్పాలి? జవాబులు గ్రామసభ తీర్మానంలో రాయిద్దాం. రాని రోజుల లెక్క కూడా మనమే రాసి పెట్టుకుందాం. రేపు "జనం లేరు" అన్నప్పుడు, రానిది ఎవరో ఆ కాగితం చెబుతుంది.

జోహార్.